ఆకులో దాగిన మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎర్ర మాత్రలు ఇవ్వడం మన సభ్యులందరూ ఎరిగినదే. మన ఇళ్ళల్లో వాటిని రక్తం మాత్రలనీ, ఐరన్ మాత్రలనీ అంటుంటారు. కొందరు వేసుకుంటారు, చాలామంది నాలుగు రోజులు వేసుకుని కడుపులో తిప్పుతున్నదని కిటికీలో పెట్టేస్తారు. ఆ మాత్రలో ఇనుము ఒక్కటే లేదు. ఫోలిక్ యాసిడ్ అని రెండో మందు కూడా ఉన్నది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్దగా నిలిచిన మనిషి మన తెలుగువాడు, భీమవరంలో పుట్టినవాడు. ఆ పదార్థం జాడ లోకానికి మొట్టమొదట తెలిసింది బొంబాయిలోని బీద ముస్లిం స్త్రీల జబ్బు ద్వారా. ఈ రెండు సంగతులూ మన కుటుంబాలకు తెలిసి ఉండటం మంచిదనే ఉద్దేశంతో ఈ ఏటి సంచికలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్ని చెప్పుకుందామని తలపెట్టాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడై ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. తల్లి వెంకమ్మ గట్టి మనిషి, ఆ సంసారాన్ని ఈదుకొచ్చింది ఆవిడే. పిల్లవాడికేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంటినుంచి పారిపోయాడు. ఎందుకంటే, కాశీకి పోయి అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి బాగా సంపాదిద్దామని! దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. పండ్ల వ్యాపారం అలా మొదలవకుండానే ముగిసింది గాని, ఆకుల్లోనూ పండ్లలోనూ ఉండే సారం ఆ పిల్లవాడిని జీవితాంతం వదలకపోవడం మాకు చిత్రంగా తోస్తుంది.

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. మన పిల్లలు ఒకసారి తప్పితేనే మెకానిక్ షెడ్డుకు పంపేసే తల్లిదండ్రులు ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుందామన్న కోరిక పుట్టింది గాని తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. చదువు ఖర్చులో కొంత మామగారు, అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు భరించారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో వివాహం జరిగింది.

అవి గాంధీగారి పిలుపుతో దేశం కదులుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనే తొడుక్కుని వెళ్ళేవాడు. శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది కిట్టలేదు. మిగతా పేపర్లన్నీ బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగమూ రాలేదు.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. మన పెద్దలు గ్రహణి అనే జబ్బుల్లో ఇదొకటి. నాలుక పూసి ఎర్రబడుతుంది, కారం తగిలితే ప్రాణం పోయినంత పని అవుతుంది. విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటికి పట్టదు. మనిషి ఎండిపోయి, రక్తం తగ్గిపోయి తెల్లగా పాలిపోతాడు. పేగుల లోపలి పొర దెబ్బతిని తిండిలోని సారాన్ని లాక్కోలేకపోవడమే దీని అసలు లక్షణం. ఆ రోజుల్లో ఇంగ్లీషు వైద్యంలో దీనికి మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు తగులుకుంది. ఆయుర్వేద వైద్యంలో పేరుమోసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు చికిత్స చేసి బతికించారు. ఆ కృతజ్ఞతతో, ఆసక్తితో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. డాక్టరు చదువు చదివి కూడా సొంత అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన మనిషి మనసు ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

స్ప్రూ వంటి ఉష్ణదేశపు జబ్బుల గురించి చదవాలని 1922లో అమెరికా బయలుదేరారు. మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేసింది. ధర్మనిధి పెట్టే పెద్దలు, ఒక విద్యార్థికి ఇచ్చిన డబ్బు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అక్టోబరు నెలలో బోస్టన్‌లో దిగేనాటికి జేబు దాదాపు ఖాళీ. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. డిగ్రీ చేతిలో ఉన్న డాక్టరు ఆ పని చేశాడు. చిన్నతనం అనుకోలేదు. భార్యను మూడేళ్ళలో తిరిగొస్తానని ఊరడించి వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ గడ్డమీద కాలు పెట్టలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేసిన పని గురించి క్లుప్తంగా చెప్పుకుంటాము. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటే జీవరసాయనం చదివే పిల్లలకు ఇప్పటికీ తెలుసు. కండరాలు పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో తెలిపే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు ఆ తర్వాత బయటపడ్డాయి. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళిపోయారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు.

ఆయన అక్కడ ఏం చేశారో అర్థం కావాలంటే మనం కాస్త వెనక్కి పోయి బొంబాయి చేరుకోవాలి.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే కుటుంబాల స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు భయంకరమైన రక్తహీనతతో చనిపోతున్నారు. మామూలు రక్తహీనతలో రక్తకణాలు చిన్నవవుతాయి. వీళ్ళలో కణాల సంఖ్య తగ్గి, ఉన్నవేమో మామూలు కంటే పెద్దగా ఉబ్బి కనిపించేవి. ఏదైనా క్రిమి వల్ల వచ్చిందేమోనని ఆమె ముందు వెతికారు. దొరకలేదు. అప్పుడు ఆ ఇళ్ళల్లో వంట ఏమిటో, ఎవరు ఏం తింటున్నారో కనుక్కోవడం మొదలుపెట్టారు. తల్పడే అనే మరొకరు ఈ పనిలో ఆమెకు తోడుగా ఉన్నారు. జబ్బు ఎక్కువగా ఉన్నది బీద ముస్లిం స్త్రీలలో. వాళ్ళ తిండిలో కూరగాయలు, పండ్లు, పాలు అన్నీ కొరతే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. ఆ జబ్బుకు మతంతో సంబంధం లేదు. ముస్లింలైనా చేతిలో నాలుగు డబ్బులుండి అన్నిరకాలూ తినే ఇళ్ళ స్త్రీల సంగతి వేరు. బీదరికం ఒకటి, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్ళ అలవాటు ఒకటి. ఈ రెండోది అన్ని మతాల ఇళ్ళల్లోనూ ఉన్నదే, ఇప్పటికీ పూర్తిగా పోనిదే.

లూసీ విల్స్ ఆ స్త్రీలు తినే తిండినే ఎలుకలకు పెట్టారు, తర్వాత కోతులకు కూడా పెట్టి చూశారు. అవి కూడా పాలిపోయాయి. ఏ విటమిన్ లోపమో తేల్చుకోవడానికి ఒక్కొక్కటే ఇచ్చి చూశారు. చివరికి మార్మైట్ అనే ఈస్టు సారం ఇస్తే మార్పు కనిపించింది. అది ఇంగ్లాండులో బీదసాదలు రొట్టెకు పూసుకునే చవకరకం పదార్థం. దానిని బొంబాయి స్త్రీలకు ఇస్తే చావుకు దగ్గరగా ఉన్నవాళ్ళు రోజుల్లోనే తేరుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించారు. ఈస్టులో ఏదో ఉన్నది, అది ఏమిటో తెలియదు. అందుకని కొన్నేళ్ళపాటు దానిని విల్స్ పదార్థమనే పిలిచారు.

ఆమె ఈ పరిశోధనలో కొంతభాగం నీలగిరి కొండల్లో కూనూరులో చేశారు. ఆహార పరిశోధన కోసం 1918లో డాక్టర్ మెక్కారిసన్ అక్కడ ప్రారంభించిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ దారిన బస్సులో పోతూ ఆ బోర్డు చూసేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు.

తర్వాత పదేళ్ళకు, 1941లో, అమెరికాలోని టెక్సాస్‌లో ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర తెప్పించి, దాని రసం తీసి, వడగట్టి, మళ్ళీ వడగట్టి చివరికి చిటికెడు పదార్థం సంపాదించారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. ఆకులోంచి వచ్చింది గనుక ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకు చిటికెడు అంటే రోగులకు ఇచ్చేదెప్పుడు? దానిని రసాయనాలతో తయారుచేయగలిగితేనే పని జరుగుతుంది.

ఆ పని జరిగింది సుబ్బారావు గారి ప్రయోగశాలలో. కాలేయం నుంచి, ఈస్టు నుంచి దానిని శుద్ధమైన స్ఫటికాలుగా తీసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. నిర్మాణం వివరాలు 1946లో వెలువడ్డాయి. పరిశోధన పత్రం మీద పదహారుమంది పేర్లున్నాయి. ఆయనకు తన పేరు ముందుండాలన్న యావ లేదు. తెరవెనుక ఉండి పనివాళ్ళను ముందుకు తోసే స్వభావం. అందుకే ఇంత చేసినా ఆయన్ని లోకం తొందరగా మరచిపోయిందని మా అభిప్రాయం.

మందు చేతికి రాగానే దానిని ఎవరికి ఇచ్చి చూశారు? రక్తహీనత రోగులకు, దానితోపాటు క్యూబా, పోర్టోరికో ద్వీపాల్లోని స్ప్రూ రోగులకు. పాలిపోయినవాళ్ళకు రక్తం పట్టింది, నాలుక పూత మానింది, ఆకలి పుట్టింది. సోదరులను కోల్పోయిన దాదాపు పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు ఆయన చేతిలోనే పుట్టింది. ఆయన ప్రయోగశాలలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది అదే. స్ప్రూకు డాక్టర్లు ఇప్పుడు ఇచ్చే చికిత్స ఏమిటంటే ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ రెండూ కలిపి కొన్ని నెలలపాటు ఇవ్వడం. రెండింటి మూలమూ ఆ ఒక్క చోటే.

ఫోలిక్ యాసిడ్ ఒంట్లో చేసే పని చాలా సులభంగా చెప్పవచ్చు. ఒక కణం రెండుగా చీలాలంటే ఇది కావాలి. ఎముకల మూలుగలో రక్తకణాలు రోజూ కోట్లకొద్దీ పుడుతూనే ఉంటాయి. ఇది చాలకపోతే అవి పెరుగుతాయి గాని చీలలేవు. అందుకే బొంబాయి స్త్రీల రక్తకణాలు అలా ఉబ్బిపోయి కనిపించాయి. గర్భంలో శిశువు పెరగడమంటే కణాలు చీలుతూ పోవడమే గనుక తల్లికి ఇది మామూలు కంటే చాలా ఎక్కువ కావాలి. కాన్సర్ కణాలకూ ఇదే కావాలి. ఈ సంగతి పట్టుకుని, ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డగించే మందులను సుబ్బారావు గారి బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సర్‌తో ఉన్న పిల్లలకు వాటిని ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. ఆ వరుసలోదే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి మన పెద్దవాళ్ళు కొందరు వారానికొకసారి వేసుకునే పసుపు మాత్ర అదే. బోదకాలు జబ్బుకు వాడే హెట్రజాన్ కూడా ఈయన ప్రయోగశాలదే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్రలు అవే.

1991లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి నిరూపించారు. అంతకుముందు వెన్నుపాము సరిగా మూసుకోని బిడ్డను కన్న తల్లులకు తర్వాతి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, అటువంటి బిడ్డలు పుట్టడం నూటికి 70 వంతులకు పైగా తగ్గింది. శిశువు వెన్ను గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అయిదో నెలలో గోద్ భరాయి చేసి అప్పుడు పండ్లూ పలహారాలూ తినిపిస్తే ఈ ఒక్క విషయంలో మటుకు ఆలస్యమైనట్టే. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచే ఆమె పళ్ళెంలో ఆకుకూర ఉండాలి. బిడ్డను కోరుకున్నప్పటినుంచే రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. దీనికి ఇనుము లోటు పెద్ద కారణం, ఫోలిక్ యాసిడ్, బి12 లోట్లు కూడా తోడవుతాయి. ఇది ఎక్కడో బొంబాయి మిల్లుల నాటి కథ కాదన్నమాట.

మన వంటిళ్ళ సంగతి కూడా కొంచెం చూద్దాం. మనవాళ్ళకు ఆకుకూరలు తెలియవని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. అంబాడా గోష్త్, చుక్కా గోష్త్, మేథీ, పాలక్, కుల్ఫా... ఇవన్నీ మన నానీలు, దాదీలు చేసినవే. సొరకాయ లేనిదే దాల్చా లేదు. చిక్కేమిటంటే, నాలుగు డబ్బులు చేతిలోకి రాగానే ఆకుకూర బీదవాళ్ళ తిండి అయిపోయింది. విందుల్లో బిర్యానీ పక్కన నాలుగు ఉల్లిపాయ చక్రాలు తప్ప పచ్చనిది కనిపించదు. అవి కూడా పళ్ళెంలోనే మిగిలిపోతాయి. రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాలు, బొప్పాయి, పుచ్చకాయ, జామ ఎంతో ముచ్చటగా పరుస్తాం. ఈద్ మరునాటి నుంచి పండు మళ్ళీ జబ్బు మనిషికే. మనిషికి రోజుకు కనీసం 400 గ్రాములు పండ్లూ కూరగాయలూ కలిపి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక పెద్ద జామకాయ, ఒక గిన్నెడు ఆకుకూర, రెండు పూటలా మరో కూర ఉంటే సరిపోయే లెక్క. మరీ అందని ద్రాక్ష ఏమీ కాదు. జామలో సి విటమిన్ నారింజలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ధర తక్కువ.

వండే పద్ధతిలో మనం పోగొట్టుకునేది కూడా ఉన్నది. ఫోలిక్ యాసిడ్ నీళ్ళలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. పాలకూర ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే సగం దాకా మోరీలోకే పోయినట్టు. ఆకును తరిగి కడగకూడదు, కడిగి తరగాలి. మాంసంతోపాటు మొదట్లోనే ఆకు వేసి గంటసేపు మరిగించేకన్నా, గోష్త్ మెత్తబడ్డాక ఆఖర్లో ఆకు వేసి కాసేపు మగ్గనిస్తే రుచీ పోదు, సారమూ పోదు. శనగలు, పెసలు, అలసందల్లో ఫోలిక్ యాసిడ్ బాగా ఉన్నది. కలేజాలోనూ ఉన్నది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే పట్టదు. చాయ్ మానమని చెబితే ఈ సంచిక ఎవరూ చదవరు గనుక, గంట ఆగి తాగమంటున్నాము.

అయితే ఆకుకూర ఒక్కటే అన్నీ ఇవ్వదు. బి12 అనే విటమిన్ ఆకుల్లో ఉండదు, పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. అది లోపించినవాళ్ళకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగైనట్టు కనిపిస్తుంది గాని లోపల నరాలు చెడుతూనే ఉంటాయి. కాబట్టి మాత్రలు డాక్టరుకు చూపించుకునే వాడుకోవాలి.

సుబ్బారావు గారు తన కష్టం ఫలితాలను ఎంతోకాలం చూడలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53 ఏళ్ళు. భీమవరంలో, అనపర్తిలో ఆయనవాళ్ళు ఇరవయ్యారేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నారు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక జాతి శిలీంధ్రానికి అమెరికా శాస్త్రజ్ఞుడొకడు 1953లో సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. పుట్టిన నూరేళ్ళకు, 1995లో, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక స్టాంపు విడుదల చేసింది.